కొడుకుని చూసి గర్వపడితే యుద్ధాన్ని మెచ్చుకున్నట్టేనా?

"వాళ్ళని చూస్తే జాలేస్తుందండీ. పిల్లల్ని చేతులారా యుద్ధానికి పంపడం, పైగా కారు వెనకాల గర్వంగా స్టిక్కరొకటి!"

మొన్న ఉగాది భోజనాల దగ్గర పులిహోర వరసలో నా ముందున్న పెద్దాయన అన్న మాట ఇది. శాన్ డియాగోకి ఉత్తరాన ఉండేవాళ్ళకి ఆ 'వాళ్ళు' ఎవరో విడిగా చెప్పక్కర్లేదు. లాస్ ఏంజెలెస్ వైపు ఫ్రీవే ఎక్కితే క్యాంప్ పెండిల్‌టన్ పక్కనుంచే పోవాలి, అమెరికా సైన్యంలో ఓడలెక్కి వెళ్ళి పోరాడే మెరీన్ల స్థావరం అది. దాన్ని ఆనుకునే ఉన్న ఓషన్‌సైడ్‌లో సగం మంగలి షాపులు మెరీన్ల తలకాయల మీదే బతుకుతున్నాయి. 'మా అబ్బాయి మెరీన్' అని చెప్పే స్టిక్కర్ లేని పార్కింగ్ లాట్ మా వైపు కనపడదు.

ఆయన మాటకి చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. చేతిలో ప్లేటు పట్టుకుని వాదన పెట్టుకోవడం నాకు చేతకాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇరాక్ మీదికి వెళ్ళడానికి 2003లో చెప్పిన మారణాయుధాలు దొరకలేదు. అఫ్గానిస్తాన్‌లో తాలిబన్లని దించడానికి మొదలుపెట్టిన యుద్ధం ఇరవై ఏళ్ళ తర్వాత తాలిబన్ల చేతికే రాజ్యం ఇచ్చి ముగిసింది. ఇంతవరకూ ఆయనకీ నాకూ పేచీ లేదు. కొడుకు మెరీన్ అయ్యాడని ఒక తల్లి పొంగిపోతే, అది ఆ యుద్ధాలకి ఆమె పలికిన మద్దతు అనుకోవడం దగ్గరే నాకు పేచీ. ఆ రెంటినీ కలిపేసేది యుద్ధాన్ని వ్యతిరేకించే మా పెద్దాయన లాంటివాళ్ళే కాదు. యుద్ధం కావాలనుకునే నాయకులు ఇంకా ఇష్టంగా కలిపేస్తారు. ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారని నా అభిప్రాయం.

ఒక అక్క సంగతి

మా వీధి చివర నరసరావుపేట అక్క ఒకావిడ ఉంది. వాళ్ళబ్బాయి హైస్కూలు అవుతూనే రిక్రూటర్ దగ్గరికి వెళ్ళి సంతకం పెట్టొచ్చాడు. పద్దెనిమిది నిండాయి కాబట్టి అమ్మానాన్నల అనుమతి అక్కర్లేదు. బావగారు కొన్నాళ్ళు కొడుకుతో మాట్లాడటమే మానేశారు. ఇండియాలో చుట్టాలకి "ట్రైనింగ్‌కి వెళ్ళాడు" అని చెప్పారట. వాళ్ళు అదేదో సాఫ్ట్‌వేర్ కంపెనీ ట్రైనింగ్ అనుకుని సంతోషించారు, జీతం ఎంతిస్తారని కూడా అడిగారు.

మిసిసిపీ నదికి పడమటి వైపు నుంచి చేరే కుర్రాళ్ళకి శిక్షణ ఇక్కడే, శాన్ డియాగో విమానాశ్రయం పక్కనే. తూర్పు వాళ్ళకి సౌత్ కెరొలైనాలో ప్యారిస్ ఐలండ్. మొత్తం 13 వారాలు. బస్సు దిగిన రాత్రి ప్రతి ఒక్కరి చేతా ఇంటికి ఫోన్ చేయిస్తారు. గోడమీద రాసిపెట్టిన నాలుగు వాక్యాలు అరుపులాంటి గొంతుతో చదివి పెట్టెయ్యాలి: క్షేమంగా చేరాను, తినేవి గానీ పెద్ద పార్శిళ్ళు గానీ పంపకండి, చిరునామా ఉత్తరంలో వస్తుంది, ఉంటాను. అక్కకి ఆ ఫోన్ వచ్చినప్పుడు "అన్నం తిన్నావా నాన్నా" అని మొదలుపెట్టిందట. ఆ మాట పూర్తయ్యేలోపే అవతల లైను కట్టయింది. కొడుకు ఇంటి నుంచి బయల్దేరి చేరిన దూరం మహా అయితే నలభై మైళ్ళు. అమెరికా వచ్చిన కొత్తలో గుంటూరు జిల్లాకి ఫోన్ చేసి లైను కలవక ఏడ్చిన రోజుల కన్నా ఆ నలభై మైళ్ళే ఎక్కువ దూరం అనిపించిందని నాతో అంది.

తర్వాత మూడు నెలలూ ఉత్తరాలే. వాడికి తెలుగు చదవడం రాదు. ఈవిడకి ఇంగ్లీషులో ఆఫీసు మెయిళ్ళు తప్ప కొడుక్కి రాసే భాష లేదు. అప్పుడు దొరికారు, అదే శిక్షణ దళంలో పిల్లలున్న మిగతా తల్లులు. ఒకావిడ టెక్సస్‌లో స్కూలు బస్సు నడుపుతుంది, ఇంకొకావిడ భర్త కూడా ఒకప్పుడు మెరీనే. ఎవరికి ఉత్తరం వచ్చినా అందులో ఉన్నది అందరికీ చదివి వినిపించేవారు. ఒకడి ఉత్తరంలో 'పక్క మంచం వాడికి కాలు బెణికింది' అని ఉంటే, ఆ పక్క మంచం వాడి అమ్మకి అదే మొదటి కబురు. చివరి పరీక్ష ఉంటుంది, 54 గంటలు, తిండీ నిద్రా అంతంత మాత్రం. శాన్ డియాగో వాళ్ళు దాన్ని పెండిల్‌టన్ కొండల్లో పూర్తి చేస్తారు. ఆ రెండు రాత్రులూ తల్లులు కూడా వంతులు వేసుకుని మేలుకున్నారట. వీళ్ళు మేలుకుంటే వాళ్ళకి ఒరిగేదేమీ లేదని అక్కకీ తెలుసు.

గ్రాడ్యుయేషన్ పరేడ్‌కి బావగారు కూడా వచ్చారు. నేనూ వెళ్ళాను. చేతిలో గద్ద, భూగోళం, లంగరు ఉన్న చిహ్నంతో నిలబడ్డ ఆ కుర్రాణ్ణి నేను గుర్తుపట్టలేదు. నిజం చెప్పాలంటే కాస్త భయం వేసింది కూడా. ఇల్లు సర్దని, పొద్దున పదింటికి గానీ లేవని కుర్రాడు మూడు నెలల్లో ఇలా అయ్యాడంటే, లోపల ఏది తీసేసి ఏది పెట్టారో అన్న అనుమానం నాకు ఇంకా పూర్తిగా పోలేదు. అక్క మాత్రం చుట్టాలందరికీ ఫొటోలు పంపింది. 'ట్రైనింగ్' అన్న మాట ఆరోజుతో సరి.

ఆ గర్వంలో ఉన్నదేమిటి

ఆవిడ గర్వాన్ని దగ్గర్నుంచి చూశాను కాబట్టి చెబుతున్నాను, అందులో అమెరికా విదేశాంగ విధానం ఎక్కడా లేదు. మొదలుపెట్టిన దేన్నీ పూర్తి చెయ్యని పిల్లాడు ఒకటి పూర్తి చేశాడన్న ఆశ్చర్యం ఉంది. పక్కవాడి బరువు మోసే అలవాటు వచ్చిందన్న తృప్తి ఉంది. మిగతాదంతా భయం. ఆ భయాన్ని పట్టుకుని రోజూ ఆఫీసుకి వెళ్ళాలి, వంట చెయ్యాలి, జూమ్ కాల్‌లో నవ్వాలి.

వాడు ఓడ ఎక్కాక సంగతి వేరు. దళాలు ఓడల మీద ఏడు నెలలు అటూ ఇటుగా తిరుగుతాయి. ఎక్కడున్నారు, ఎప్పుడొస్తారు అన్నది బయట చెప్పకూడదు. తారీఖులు, రేవుల పేర్లు ఎవరితోనూ అనకూడదు. ఈ నియమం తెలుగు చుట్టరికాల మధ్య ఎంత కష్టమో ఊహించండి. "ఏ దేశంలో ఉన్నాడో తల్లివి, నీకే తెలీదా?" అని పెద్దత్తగారు ప్రతి ఆదివారం దెప్పుతుందట. తెలిసినా చెప్పకూడదంటే ఆవిడకి మరీ కోపం.

పార్శిళ్ళు మాత్రం పంపొచ్చు. సైనిక చిరునామాకి వెళ్ళే పెద్ద డబ్బా ఒకే ధర, డెబ్బై పౌండ్లు దాటనంతవరకూ ఎంత బరువైనా. సాక్సులు, తడి టిష్యూలు, నీళ్ళలో కలుపుకునే పొడులు అందరూ పంపుతారు, వేసవిలో చాక్లెట్లు పంపరు. అక్క జంతికలు పంపింది. కస్టమ్స్ కాగితం మీద ఏం రాయాలో తెలీక పోస్టాఫీసులో 'బియ్యప్పిండి చిరుతిండి' అని ఇంగ్లీషులో రాసిందట. అక్కడికి చేరేసరికి అవి పొడి అయిపోయి ఉంటాయి. వాడి స్నేహితులు ఆ పొడినే చెంచాలతో తిన్నారని కబురొచ్చింది. అప్పట్నుంచి అక్క ఒక్క కొడుక్కి సరిపడా ఎప్పుడూ చెయ్యలేదు. ఇంటి నుంచి ఏమీ రాని కుర్రాళ్ళు ప్రతి దళంలో ఉంటారని, వాళ్ళ కోసం ఇంకో డబ్బా కట్టాలని మిగతా తల్లులే నేర్పారు.

ఇంకో చిన్న విషయం. పెళ్ళయిన మెరీన్‌కి కాగితాల మీద మొదటి బంధువు భార్య. దళం నుంచి కుటుంబాలకి వెళ్ళే సమాచారం తల్లికి కూడా అందాలంటే కొడుకు ఆ జాబితాలో ఆమె పేరు రాయించాలి. పందొమ్మిదేళ్ళవాడికి అది గుర్తుండాలిగా! తల్లులు తమలో తాము ఒక గుంపుగా చేరడానికి దేశభక్తి కన్నా ఇదే పెద్ద కారణమని నాకనిపిస్తుంది. కబురు తెలిసే దారి అది.

మౌనం

కబురు ఆగిపోయే సందర్భం కూడా ఒకటుంది. దళంలో ఎవరైనా చనిపోతే, లేక తీవ్రంగా గాయపడితే, ఆ కుటుంబానికి అధికారులు స్వయంగా వెళ్ళి చెప్పేదాకా ఫోన్లు, ఇంటర్నెట్ మొత్తం కట్టేస్తారు. మెరీన్లు దాన్ని 'రివర్ సిటీ' అంటారు. నియమం మంచిదే. కొడుకు పోయిన సంగతి తల్లికి ఎవరో పెట్టిన పోస్టు ద్వారా తెలియకూడదు కదా. కానీ ఇంట్లో కూర్చున్న వందల కుటుంబాలకి ఆ మౌనం అర్థం ఒక్కటే: ఎవరో ఒకరి ఇంటి ముందు కారు ఆగబోతోంది.

పెండిల్‌టన్ నుంచే వెళ్ళిన మూడో బెటాలియన్, ఐదో మెరీన్ రెజిమెంట్, 2010 అక్టోబరు నుంచి 2011 ఏప్రిల్ దాకా అఫ్గానిస్తాన్‌లోని సంగిన్‌లో ఉంది. 25 మంది చనిపోయారు. కాళ్ళు, చేతులు పోగొట్టుకున్నవాళ్ళు ఇంకెందరో. ఆ చలికాలంలో ఇక్కడి కుటుంబాలకి ఎన్ని మౌనాలు వచ్చి ఉంటాయో లెక్కకట్టుకోవచ్చు. మౌనం తెగి కొడుకు మెసేజ్ పెట్టిన క్షణంలో తల్లికి ప్రాణం లేచొస్తుంది, వెంటనే సిగ్గేస్తుంది, ఎందుకంటే తన కొడుకు కాకపోతే అది ఇంకొకరి కొడుకు. ఆ సిగ్గుతోనే తెలియని ఆ తల్లి కోసం వీళ్ళంతా కదులుతారు. దీన్ని యుద్ధోన్మాదం అనేవాళ్ళు ఆ రాత్రుల్లో ఒక్కటైనా చూసి ఉండరు.

సైన్యంలో పిల్లలున్న ఇళ్ళ కిటికీల్లో వేలాడే నీలి నక్షత్రం గుడ్డకి కూడా ఇదే అర్థం. 1917లో ఒహాయోకి చెందిన కెప్టెన్ రాబర్ట్ క్వైసర్ తన ఇద్దరు కొడుకుల కోసం దాన్ని తయారుచేశాడు. సేవలో ఉన్న ఒక్కొక్కరికీ ఒక నీలి నక్షత్రం, చనిపోతే దానిమీద బంగారు నక్షత్రం. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఇప్పటిదాకా ఎన్ని ప్రభుత్వాలు మారినా, అవి చేసిన యుద్ధాల్లో న్యాయమైనవి ఎన్ని, కానివి ఎన్ని అని ఆ గుడ్డ చెప్పదు. ఈ ఇంట్లోంచి ఒకరు వెళ్ళారు అని మాత్రమే చెబుతుంది.

అవతలి వాదన

ఇక్కడ నన్ను ఆపి అడగొచ్చు: మనసులో ఏమున్నా, బయట పని చేసేది ఆ స్టిక్కరే కదా? 2003లో యుద్ధాన్ని ప్రశ్నించినవాళ్ళని 'మన సైనికులకి మద్దతివ్వండి' అన్న మాటతోనే నోరు మూయించారు. ఆ మాటకి బలం ఇచ్చింది ఈ కుటుంబాల గర్వమే కదా?

ఇది తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదు. 2017 అక్టోబరులో ఏం జరిగిందో చూడండి. జాన్ కెల్లీ అనే మెరీన్ జనరల్ కొడుకు, లెఫ్టినెంట్ రాబర్ట్ కెల్లీ, అదే సంగిన్‌లో 2010 నవంబరులో చనిపోయాడు. నాలుగు రోజులకి ఆ తండ్రి సెయింట్ లూయిస్‌లో ముందే ఒప్పుకున్న ప్రసంగం చేశాడు. తన కొడుకు ప్రస్తావన తేవద్దని నిర్వాహకులని ముందే కోరాడు, తనూ తేలేదు. వేరే ఇద్దరు కుర్రాళ్ళ గురించి మాట్లాడి దిగిపోయాడు. ఏడేళ్ళ తర్వాత ఆయన వైట్‌హౌస్ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉండగా, కొడుకు పోయినప్పుడు అప్పటి అధ్యక్షుడు ఒబామా ఫోన్ చేశారో లేదో కెల్లీనే అడగండి అంటూ ట్రంప్ ఆ చావుని రేడియోలో చర్చకి లాగాడు. తండ్రి దాచుకున్నది నాయకుడికి వాదనలో పనికొచ్చే వస్తువైంది. తర్వాత కెల్లీ కూడా పత్రికలవాళ్ళ ముందుకొచ్చి దాని గురించి మాట్లాడక తప్పలేదు.

కాబట్టి గర్వాన్ని వాడుకుంటారు, ఆ మాట నిజం. అయితే వాడుకున్నవాడిని వదిలేసి కొడుకుని సాగనంపిన తల్లిని తప్పుపట్టడం ఏం న్యాయం? నిర్బంధ సైనిక సేవ 1973లో ఆగిపోయింది. అప్పట్నుంచి ఈ దేశంలో నూటికి ఒక్కరు కూడా క్రియాశీల సైన్యంలో లేరు. మిగతా తొంభై తొమ్మిది మందికి పైగా యుద్ధం గురించి ఏ బరువూ మోయకుండా అభిప్రాయం చెప్పగలిగే స్థితిలో ఉన్నాం. చేసేవాళ్ళు చేస్తారులే అని ఓటు వేసేసి ఊరుకునే మన నిర్లక్ష్యం యుద్ధాలకి ఇచ్చినంత వెసులుబాటు, ఆ స్టిక్కర్లన్నీ కలిపినా ఇవ్వలేదని నేననుకుంటున్నాను.

పైగా, గట్టిగా ప్రశ్నించినవాళ్ళలో వీళ్ళే ముందున్నారు. ఇరాక్ యుద్ధం మొదలవక ముందే, 2002 నవంబరులో, 'మిలిటరీ ఫ్యామిలీస్ స్పీక్ ఔట్' అన్న సంస్థని పెట్టినవాళ్ళలో ఒక మెరీన్ తండ్రి చార్లీ రిచర్డ్‌సన్, సవతి తల్లి నాన్సీ లెసిన్ ఉన్నారు. కొడుకు మెరీన్‌గా ఉండగానే ఆ యుద్ధం వద్దన్నారు.

యుద్ధం దాకా కూడా పోనక్కర్లేదు. 2020 జులై 30న ఇక్కడే, శాన్ క్లెమెంటె ద్వీపం దగ్గర, శిక్షణలో ఉన్న ఒక ఉభయచర వాహనం నీళ్ళు నిండి మునిగిపోయింది. ఎనిమిది మంది మెరీన్లు, ఒక నేవీ వైద్య సహాయకుడు చనిపోయారు. శత్రువు లేడు, తుపాకీ పేలలేదు. వాహనాలకి సరైన మరమ్మతు లేదని, కుర్రాళ్ళకి నీళ్ళలోంచి బయటపడే శిక్షణ సరిగా ఇవ్వలేదని దర్యాప్తులో తేలింది. అంతటితో ఊరుకోకుండా వెంటపడింది కుటుంబాలే. 2021లో కాంగ్రెస్ కమిటీ విచారణ జరిగింది, అధికారుల పదవులు పోయాయి, ఆ ఏడాది డిసెంబరులో ఆ రకం వాహనాలని నీళ్ళలోకి దించడమే మాన్పించారు. తర్వాత ఓడలెక్కిన పిల్లలకి ఆ తల్లిదండ్రులు చేసిన మేలు అది. అలా మేలు పొందిన పిల్లల్లో మా అక్క కొడుకూ ఒకడు.

నార్త్ కెరొలైనాలోని క్యాంప్ లెజూన్ సంగతి ఇంకా పాతది. 1953 నుంచి 1987 దాకా అక్కడి కుటుంబాలు తాగిన నీళ్ళలో పారిశ్రామిక రసాయనాలు కలిశాయి. జెర్రీ ఎన్స్‌మింగర్ అనే మెరీన్ సార్జెంటు కూతురు జేనీ తొమ్మిదేళ్ళ వయసులో, 1985లో, లుకేమియాతో చనిపోయింది. నీళ్ళ సంగతి ఆయనకి 1997లో టీవీ వార్తల్లో తెలిసింది. దాదాపు పాతికేళ్ళు తను సేవ చేసిన మెరీన్ కోర్‌తోనే మరో పాతికేళ్ళు పోరాడాడు. బాధితులు కోర్టుకెక్కేందుకు వీలిచ్చే చట్టం 2022 ఆగస్టులో వచ్చింది. మెరీన్ కోర్ తన మాట నిలబెట్టుకోవాలన్నదే ఆయన పట్టు. గర్వం లేనివాడైతే ఎప్పుడో చీదరించుకుని వదిలేసి పోయేవాడు.

అందరూ ఎన్స్‌మింగర్లు కారు, అదీ ఒప్పుకుంటాను. 'మన పిల్లల మనోధైర్యం దెబ్బతింటుంది' అంటూ తోటి తల్లి అడిగిన ప్రశ్నని నొక్కేసే తల్లులూ ఆ గుంపుల్లో ఉన్నారు. అక్క ఒకసారి "అసలు ఈ ఓడ ఎందుకెళ్తోంది?" అని అడిగితే చాలాసేపు ఎవరూ పలకలేదట. చివరికి ఒకావిడ విడిగా ఫోన్ చేసి, "నాకూ అదే ప్రశ్న, కానీ వాడు తిరిగొచ్చేదాకా అడగలేను" అందట.

మన ఊళ్ళో అయితే

మన దగ్గరికొద్దాం. తాడేపల్లిగూడెం పక్కన మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఆ ఊరివాళ్ళు సైన్యంలో ఉన్నారు. ఇంటింటికీ ఒక సైనికుడు అని పత్రికలు గొప్పగా రాస్తాయి, చదివి మనమూ మురిసిపోతాం. ఆ మొదటి తరం ఏ జెండా కింద పోరాడింది? తెల్లవాళ్ళ జెండా కింద. అయినా తాతని తలుచుకుని పొంగిపోయే మనవణ్ణి పట్టుకుని 'నువ్వు బ్రిటిష్ సామ్రాజ్యాన్ని సమర్థిస్తున్నావు' అని మనలో ఒక్కడూ అనడు. తాత ధైర్యం వేరు, తాతని పంపినవాడి దురాశ వేరు అని మనకి చెప్పకుండానే తెలుసు.

గల్వాన్‌లో 2020 జూన్‌లో కల్నల్ సంతోష్ బాబు చనిపోయినప్పుడు సూర్యాపేటలో ఆయన తల్లి దుఃఖాన్నీ గర్వాన్నీ ఒకే మాటలో చెప్పింది. టీవీ ముందు మనందరం కళ్ళు తుడుచుకున్నాం. ఎవరికీ జాలి పేరుతో వెటకారం రాలేదు. టెక్సస్‌లో బస్సు నడిపే ఆ తల్లికి అదే గౌరవం ఇవ్వడానికి మనకి అడ్డొచ్చేది యుద్ధం మీద అభిప్రాయం అనుకోను. ఆవిడ కొడుకు కాలేజీ ఫీజు కోసం చేరి ఉంటాడని, చదువు రాక చేరి ఉంటాడని మనం ముందే వేసుకున్న లెక్క అది. ఫీజు కోసం చేరేవాళ్ళు ఉన్నారు, నిజమే. గ్రీన్‌కార్డు కోసం ఇరవై ఏళ్ళు ఒకే కంపెనీలో నోరుమూసుకుని పనిచేసినవాళ్ళం, అవసరం కోసం సంతకం పెట్టినవాడిని తక్కువగా చూడటానికి మనకేం అర్హత ఉంది?

మా పెద్దాయనకి ఇదంతా చెబితే, "మరి మీ అబ్బాయిని పంపుతారా?" అంటాడు. పంపను. ఆ జవాబు నన్ను ఇబ్బంది పెడుతుంది కూడా. కానీ నేను పంపలేనిది ఇంకొకరు పంపితే జాలిపడటం కన్నా, వాళ్ళ పిల్లల్ని ఎక్కడికి, ఎందుకు పంపుతున్నారని నా కాంగ్రెస్ సభ్యుణ్ణి అడగడం నాకు మిగిలిన పని. పౌరసత్వం వచ్చాక మేం ఓటు వేశాం గానీ, ఇన్నేళ్ళలో ఆ ఆఫీసుకి ఒక్క ఉత్తరం రాసిన తెలుగువాణ్ణి, వీసాల విషయం తప్పిస్తే, నేను చూడలేదు.

అక్క కొడుకు కాంట్రాక్టు వచ్చే ఏడాది అయిపోతుంది. ఇంకో నాలుగేళ్ళు ఉండమని పైవాళ్ళు అడుగుతున్నారట. ఏమంటావని అక్కని అడిగాను. "వచ్చెయ్యమని మొక్కుకున్నా. ఉండిపోతానన్నాడనుకో, ఆ మాట ముందు అందరికీ ఫోన్ చేసి చెప్పేది నేనే" అంది. బావగారు పక్కగదిలోంచి, "మొక్కు తిరుపతిలోనా, ఇక్కడ గుళ్ళోనా? ఇక్కడైతే శనివారమే తీర్చేద్దాం" అన్నారు.